లైట్లు పీకేసిన జీపు

మొత్తం 116 బల్బులు. లెక్కపెట్టి మరీ పీకాను. అవి కాక బంపరు మీద నాలుగు పెద్ద లైట్లు, గ్రిల్లు వెనక గిరగిరా తిరిగే ఎర్ర లైటొకటి, ఎనిమిది హారన్లు (పనిచేసేది ఒక్కటే, అదీ పిల్లి తోక తొక్కినట్టు అరుస్తుంది), ముందు గేదె కొమ్ముల్లాంటి స్టీలు గార్డు, వెనక మూడు ఇనుప తోరణాలు. అన్నీ వాకిట్లో కుప్పపోస్తే మా ఆవిడ ఓ నిమిషం చూసి, "మీరు జీపు కొన్నరా, టెంట్ హౌస్ కొన్నరా?" అంది.

బండి మహీంద్రా సీజే3బీ, 1972ది, పెట్రోల్. పేరు చెబితే ఎవరికీ తెలియదు గానీ 'హై బానెట్ జీపు' అంటే మన దగ్గర పెద్దవాళ్లందరికీ కళ్లముందుకొస్తుంది. ఆ బానెట్ అంత ఎత్తుగా ఉండటం సోకు కోసం కాదు. అంతకు ముందు అమెరికా కంపెనీ విల్లీస్ జీపుల్లో, పెట్రోల్ గాలిని లోపలికి, పొగను బయటికి వదిలే వాల్వులన్నీ ఇంజన్ బ్లాకులోనే, సిలిండర్ల పక్కన ఉండేవి. ఆ తర్వాత వచ్చిన హరికేన్ ఇంజన్‌లో ఇన్‌లెట్ వాల్వులు పైకి, హెడ్డులోకి వెళ్లాయి, ఎగ్జాస్ట్‌వి కిందే ఉండిపోయాయి. దాంతో ఇంజన్ ఎత్తు పెరిగింది, దాన్ని కప్పడానికి బానెట్ కూడా పెరిగింది. అమెరికాలో ఈ మోడల్ 1953లో మొదలై 1968తో ఆగిపోయింది. 1947 నుంచే విల్లీస్ జీపులు బిగిస్తున్న మహీంద్రా మాత్రం అక్కడ ఆగిన తర్వాత కూడా చాలా ఏళ్లు దీన్ని తయారు చేసింది. మన ఎమ్మార్వోలు, ఎస్సైలు, కాంట్రాక్టర్లు ఒకప్పుడు తిరిగిందంతా ఇలాంటి వాటిలోనే.

నాది మాత్రం ఆఫీసర్లను మోసిన జీపు కాదు. మొదట ఒక సినిమా టాకీసు వాళ్లది. రెండు పక్కలా పోస్టర్ బోర్డులు, పైన మైకు, సందుసందుకీ తిరిగి 'నేడే చూడండి' అని అరవడం దాని పని. టాకీసు దెబ్బతిన్నాక ఒక డెకరేషన్ ఆయన కొన్నాడు. ఆయన 1990ల్లో వెనక సగం కోసేసి, టేకు పలకలతో లారీకున్నట్టు డాలా (వెనక తొట్టి) కట్టించి, తోరణాలు వెల్డింగ్ చేయించి, బండి నిండా నెమళ్లు, తామరపూలు గీయించి దాన్ని ఊరేగింపు రథం చేశాడు. మా వరంగల్‌లో వినాయక నిమజ్జనానికి చిన్న వడ్డేపల్లి చెరువు దారిలో, పెళ్లి బారాత్‌లలో అప్పట్లో దీనిదే రాజ్యం. నేను చిన్నప్పుడు దాని వెనక చిందులేసినవాణ్ణే. తర్వాత డీసీఎం వ్యాన్ల మీద డీజేలు దిగాయి, ఆ చప్పుడు ముందు ఈ బల్బులు ఎవరికి కావాలి? జీపు ములుగు రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డులో పడింది. నేను వెళ్లి చూసేసరికి డాలాలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. డెకరేషన్ ఆయన కొడుకు లక్షన్నర చెప్పాడు, 1,15,000కి తెగింది, కోళ్లు వాళ్లవే.

కొన్నానని తెలియగానే స్నేహితులందరూ ఒకటే మాట: "వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించు, 50 ఏళ్లు దాటింది కదా." నిజమే, 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్‌వీలర్లు వింటేజ్ కింద రిజిస్టర్ చేయించుకోవచ్చు, 20,000 ఫీజు, నంబరు ప్లేటులో 'వీఏ' అనే అక్షరాలు, పదేళ్ల వ్యాలిడిటీ. వినడానికి బాగుంది. కానీ చివరిదాకా చదివితే అసలు మెలిక తెలుస్తుంది: ఆ బండిని రోజువారీగా రోడ్డు మీద నడపకూడదు. ఎగ్జిబిషన్‌కో, ర్యాలీకో, పెట్రోల్ పోయించడానికో, రిపేరుకో మాత్రమే బయటకు తీయాలి. పైగా ఇంజన్, ఛాసిస్, బాడీల్లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. వెనక సగం కోసేసిన నా బండికి అది ఎలాగూ రాదు, వచ్చినా నాకొద్దు. ముప్పై ఏళ్లు షోకే బతికిన బండి అది, మళ్లీ షోలోనే నిలబెట్టడానికి నేనెందుకు కొనడం? నాకు కావాల్సింది పొద్దున సుబేదారి నుంచి కాజీపేట దాకా ఆఫీసుకు పోయి రావడం, ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని పాకాల దాకా పోవడం. అంతే.

ఆ 'అంతే'కి పదకొండు నెలలు పట్టింది.

మొదట వైరింగ్. ఇంట్లో ఫ్యాన్లకు వాడే రెండు పోగుల వైరు నేరుగా బ్యాటరీ నుంచి తీసి, మధ్యలో ఒక్క ఫ్యూజు లేకుండా, 116 బల్బులకీ పంచారు. అతుకు పడ్డచోటల్లా నల్ల టేపు. ఆ టేపు జిగురు ఎండకు కరిగి, దుమ్ము పట్టి, బెల్లప్పాకంలా చేతికంటింది. పెట్రోల్ ట్యాంకు డ్రైవర్ సీటు కిందే ఉంటుంది ఈ జీపుల్లో, దాని మీంచి కూడా రెండు వైర్లు పోయాయి. ఇన్ని నిమజ్జనాలు చేసి ఇది కాలిపోలేదంటే ఆ వినాయకుడి దయే, నాకు వేరే కారణం కనపడలేదు. పాత డైనమోకి అంత లోడు లాగే శక్తి ఎక్కడిది, ఊరేగింపు ఉందంటే ముందురోజు రాత్రంతా బ్యాటరీని ఇంట్లో చార్జింగ్ పెట్టేవారట. మొత్తం పీకి పారేసి, ఫ్యూజు బాక్సు పెట్టించి, డైనమో స్థానంలో పాత మారుతి ఆల్టర్నేటర్ బిగించాం. హారన్లు కూడా పోయాయి, రకరకాల రాగాలు తీసే హారన్‌లకి రూల్స్ ఒప్పుకోవు. కొమ్ముల గార్డూ అంతే, 2017 డిసెంబరులోనే కేంద్రం అలాంటివి తీయించమని రాష్ట్రాలకు రాసింది, ఎదుటివాడికి తగిలితే ప్రాణం తీస్తాయని. ఇవేవీ తీసేటప్పుడు నాకు బాధ కలగలేదు, తోరణాలు కోసేటప్పుడు మాత్రం గ్యాస్ కట్టర్ చప్పుడుకి లోపలికి వెళ్లి కూర్చున్నాను.

ఇంజన్ గురించి భయపడ్డాను గానీ అది మనిషిలా సహకరించింది. కార్బురేటర్ కడిగి, పాయింట్లు రుద్ది, నాలుగు ప్లగ్గులు మార్చి, కొత్త బ్యాటరీ పెడితే ఆరో సెల్ఫుకి పట్టుకుంది.

నన్ను ఏడిపించింది స్టీరింగు. హంటర్ రోడ్డు మీద మొదటిసారి 45 స్పీడు దాటించాను, ముందు ఎడమ చక్రం చిన్న గుంటలో పడి లేచింది. అంతే, స్టీరింగు నా చేతుల్లో ఐనవోలు జాతరలో శివసత్తులకు పూనకం వచ్చినట్టు ఊగడం మొదలైంది. గట్టిగా పట్టుకుంటే ఇంకా ఊగింది. బ్రేకేసి పూర్తిగా ఆపేదాకా తగ్గలేదు, వెనక వచ్చే ఆటో ఆయన నన్ను దాటి పోతూ తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను. ఈ వాబ్లింగ్ పాత జీపులన్నింటికీ ఉండే రోగమేనని ఒక వర్క్‌షాపులో చెప్పి, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగులు, టై రాడ్ ఎండ్లు, బెల్ క్రాంక్ బుష్షులు అన్నీ మార్చారు. 18,000 బిల్లు. మర్నాడు అదే రోడ్డు, అదే గుంట, అదే పూనకం. తీసుకెళ్లి అడిగితే "కొత్త సామాను కదా సార్, సెట్ అవడానికి టైం పడుతది" అన్నారు. పూనకం సెట్ అవడమేంటో నాకు అర్థం కాలేదు.

అప్పుడు ఆటోనగర్‌లో ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి పంపారు. డెబ్బై దాటిన మనిషి, ఇప్పుడు స్పానర్ పట్టడు, స్టూలు మీద కూర్చుని పిల్లలకు చెబుతుంటాడు. బండి తీసుకెళ్తే బానెట్ ఎత్తనివ్వలేదు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి పక్కనుంచి చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి సుతిలి దారం తీసి, దాని కొసకు ఒక నట్టు కట్టి, ముందు చక్రం పక్కన వేలాడదీశాడు. దారం ఊగి ఊగి ఆగింది. నన్ను కూర్చోబెట్టి, "ఇగో, దారం చూడు, దీని యాక్సిల్ చూడు" అన్నాడు. కింగ్ పిన్నులు పైనుంచి కిందికి వచ్చే గీత కొంచెం వెనక్కి వాలి ఉండాలి, అంటే పైభాగం వెనక, కిందిభాగం ముందు. నా బండిలో అది దారానికి దాదాపు సమానంగా నిలువుగా ఉంది.

"సైకిల్ ముందు ఫోర్కు ఏటవాలుగ ఎందుకుంటది? నిటారుగ పెడితే చేతులిడిసి తొక్కుతవా నువ్వు?"

"తొక్కలేను."

"గిదీ గంతే. జీపుకు రోగం లేదు సార్, దాని నడుము వంచిండ్రు."

విషయమేంటంటే, డెకరేషన్ ఆయన వెనక డాలా, తోరణాలు, జనరేటర్, మీద ఎక్కే మనుషుల బరువు ఆపడానికి వెనక కమాన్‌లో (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలో) మూడు పట్టీలు ఎక్కువ ఎక్కించాడు. ముందు మాత్రం రెండు పట్టీలు తీసేశాడు, మూతి కిందికి దిగి పులి దూకబోతున్నట్టు కనపడాలని. చూడటానికి నిజంగానే బాగుండేది. కానీ బండి మొత్తం ముందుకు వాలితే యాక్సిల్ కూడా దాంతోపాటే ముందుకు తిరుగుతుంది, వెనక్కి ఉండాల్సిన ఆ వాలు కాస్తా పోతుంది. నడక వేగంతో పోయే ఊరేగింపులో అది ఎవరికి తెలుస్తుంది? 10 స్పీడులో ఏ బండీ ఊగదు. పట్టీలు ఎక్కడివక్కడ సర్ది, వెడల్పు టైర్లు, మెరిసే రిమ్ములు తీసేసి పాత 6.00-16 సన్న టైర్లు వేస్తే వాబ్లింగ్ పోయింది. ఖర్చు 7,500, సుతిలి దారం ఉచితం.

బ్రేకుల సంగతి ఉస్తాదే తనంతట తాను ఎత్తాడు. నాలుగు చక్రాలకీ 9 అంగుళాల డ్రమ్ములు, బూస్టర్ లేదు, కాలితో ఎంత తొక్కితే అంతే. అసలు భయం వేరే: పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద ఉంటుంది, దానికి ఒక్కటే గది. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగు చక్రాలకీ ఒకేసారి బ్రేకు పోతుంది. ఇక మిగిలేది హ్యాండ్ బ్రేకు, అది చక్రాలని కాదు, గేరుబాక్సు వెనక షాఫ్టుని పట్టుకుంటుంది. నిలబడ్డ బండిని ఆపడానికి చాలు, పరిగెత్తే బండిని కాదు. ఇది రోడ్డు మీద నడవాలంటే ఒరిజినల్ మోజు పక్కన పెట్టమని ఉస్తాద్ తెగేసి చెప్పాడు. ముందు చక్రాలకి ఒకటి, వెనక చక్రాలకి ఒకటి వేరే లైన్లు ఉండే తర్వాతి కాలం మాస్టర్ బిగించాం, పైపులన్నీ కొత్తవి. జీపు గ్రూపుల్లో ఫొటో పెడితే ఒకాయన 'పాత బండిని చెడగొట్టావు' అన్నాడు. ఆయన జీపు ఎప్పుడూ ట్రైలర్ మీదే తిరుగుతుంది లెండి.

ఇక డాలా. నేను బండి కొన్నదే ఆ డాలా మీది నెమళ్లు చూసి. చిన్నప్పుడు గుర్తున్నది కూడా అవే. కానీ ఆర్సీలో ఉన్నది 'ఓపెన్ జీపు', నా దగ్గరున్నది సగం జీపు, సగం లారీ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఒక ఏజెంటు "నేను చూసుకుంటా, మీరు డాలాతోనే తీస్కరండి" అన్నాడు, ఆయన అడిగిన అంకె విన్నాక చట్టం మీద నాకు అమాంతం గౌరవం పెరిగింది. జీపు బాడీలకు పేరుపడ్డ హర్యానాలోని మండి డబ్వాలీ నుంచి తెప్పిద్దామా అనుకున్నాను, చివరికి ఆటోనగర్‌లోనే ఒక టింకరింగ్ అన్న రేకు కొట్టి వెనక భాగం చేతితో తయారు చేసి ఇచ్చాడు. మూల మడతలు కాస్త ఎగుడుదిగుడు, కుడి మడ్‌గార్డు ఎడమ దానికన్నా వేలెడు మందం ఎత్తు. నాకు తప్ప ఎవరికీ కనపడదు, నాకు మాత్రం రోజూ కనపడుతుంది.

రంగు తీసేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పైన గులాబీ రంగు, కింద ఆకుపచ్చ, దాని కింద పసుపు, ఒక్కో పొర మధ్య లప్పం. బానెట్ ఎడమ పక్క నీటి పేపరుతో రుద్దుతున్న కుర్రాడు ఆగి పిలిచాడు. పసుపు పొర అరిగిన చోట ఎర్రటి అక్షరం అంచు కనిపిస్తోంది. ఇద్దరం కలిసి, నీళ్లు చల్లుకుంటూ, గోటితో గీకినంత మెల్లగా రుద్దాం. గంటకి 'నేడే చూ' అని తేలింది. 'నే' మీది ఏత్వం కొస పైకి తిప్పి చిన్న చుక్క పెట్టాడు రాసినాయన, బ్రష్ ఎత్తిన చోట వెంట్రుక గీతలు కూడా అలాగే ఉన్నాయి. 'చూ' తర్వాత తుప్పు తిని, ఎప్పుడో అతుకేసిన రేకు ఉంది, అక్కడితో మాట ఆగిపోయింది. పెయింటర్ అన్న కప్పేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఆర్సీలో రాసిన బూడిదరంగే బండంతా వేయించాను, రంగు మారిస్తే మళ్లీ దానికో దరఖాస్తు. ఆ జానెడు చోటు మాత్రం వదిలేసి పైన పారదర్శకమైన లాకర్ పూత కొట్టించాను.

ఆర్సీ 2019లో అయిపోయింది. రెన్యువల్‌కి 5,000, ఆలస్యానికి నెలకి 500 చొప్పున వేరే. నేను 2025 ఎండాకాలంలోనే కట్టేశాను, అదే ఏడాది ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లు, జీపులకు ఆ 5,000 కాస్తా 10,000 అయింది. ఢిల్లీలోలా 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదన్న నిషేధం మన దగ్గర లేదు, అదొక అదృష్టం. ఇన్‌స్పెక్షన్ రోజు ఛాసిస్ నంబరు దగ్గర కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుతుంటే చివరి అంకె మూడా ఎనిమిదా తేలక అందరం ఊపిరి బిగపట్టాం. డీజిల్‌తో తుడిచి, ఇత్తడి బ్రష్‌తో రుద్ది, మళ్లీ పెన్సిల్ పెడితే మూడే. 1989కి ముందు ఇచ్చిన మూడక్షరాల నంబరు అలాగే మిగిలింది, దానికి మాత్రం మా ఆవిడ కూడా మురిసిపోయింది.

అన్నీ అయ్యాక కూడా ఒక దెబ్బ తగిలింది. రెండు వారాలు నడిపాక పొద్దున ఆయిల్ చూద్దామని డిప్‌స్టిక్ తీస్తే మట్టం పైకి ఉంది. తగ్గాల్సిన ఆయిల్ పెరగడమేంటి అని ముక్కు దగ్గర పెట్టుకుంటే గుప్పున పెట్రోల్ వాసన. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, అది పాత రబ్బరుని మెత్తబరుస్తుంది. ఇంజన్ పక్కన ఉండే పంపులో రబ్బరు పొర చిరిగి, పెట్రోల్ నేరుగా ఆయిల్ చాంబర్‌లోకి కారుతోంది. అలాగే నడిపి ఉంటే బేరింగులు పోయేవి, ఇంకా ఖర్మ కాలితే నిప్పంటుకునేది. పంపులో, కార్బురేటర్‌లో, పైపుల్లో రబ్బరు అన్నదల్లా ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించాను. పాత పెట్రోల్ బండి ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి రేపు పొద్దున ఒకసారి డిప్‌స్టిక్ వాసన చూడండి.

ఖర్చు మొత్తం అడక్కండి, మా ఆవిడకు చెప్పిన అంకె వేరే ఉంది. మైలేజీ తొమ్మిది. 60 దాటితే ఇంజన్ గగ్గోలు పెడుతుంది, కాబట్టి హైదరాబాద్ హైవే మాట నేను తలపెట్టను. నెమళ్ల పలకలు రెండు హాల్లో గోడకు బిగించాను, బల్బులు సంచుల్లో కట్టి అటక మీద పెట్టాను.

వాహన పూజకి భద్రకాళి గుడికి వెళ్లి వస్తూ హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగాం. పక్క ఆటోలో అరవై దాటిన పెద్దాయన, మెడలో తువ్వాలు, బండిని ముందు నుంచి వెనక దాకా చూశాడు. బానెట్ మీది అక్షరాల దగ్గర ఆగాడు.

"ఇది టాకీసు జీపు కదా? తర్వాత బారాత్‌లల్ల తిరిగింది?"

నాకు గొంతు పట్టేసినంత పనైంది. అవును బాపూ అన్నాను.

"మరి లైట్లేవి?"

"తీసేసిన. ఇప్పుడు రోజూ నడుపుకునే బండి."

ఆయన ముఖం చిట్లించాడు. ఎవరో చేతికొచ్చిన పంటను కోయకుండా వదిలేశారని విన్నట్టు చూశాడు. "వచ్చే నెల మా మనుమరాలి పెండ్లి ఉంది. కిరాయికొస్తదా?"

రాదని చెప్పాను. రూల్స్ ఒప్పుకోవన్నాను. తోరణాలు కోసేశామన్నాను. ఆయన అవేమీ వినిపించుకోలేదు. "లైట్లు మళ్ల పెట్టొచ్చు కదా బిడ్డా, రెండు వేలు ఎక్కువ తీస్కో" అంటుండగానే సిగ్నల్ పచ్చబడింది. ఈ జీపులో ఫస్ట్ గేరుకి, గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో ఉండదు, బండి ఏమాత్రం కదిలినా ఒకపట్టాన పడదు. ఆయన మాటల్లో పడి హ్యాండ్ బ్రేకు ముందే వదిలేశాను, వాలుకి బండి కదిలింది. గేరు గర్రుమంది, వెనక అందరూ హారన్లు అందుకున్నారు.